తొలి డికాషన్

...అంటే శత్రువే లేడన్నమాట. బయటినుంచి ఎవడూ రాలేదు. మునిలక్ష్మి గొంతులోని థైరాయిడ్ గ్రంథిని ఆమె రక్షక కణాలే తినేస్తున్నాయి. నిన్న బెళ్ళందూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ విడమరచి చెప్పింది. ఆ కణాలు ఒకదానికొకటి కబురు చేసుకోవడానికి వదిలే పదార్థాలను సైటోకైన్లంటారట. ఒకటి ‘పగవాడు ఇక్కడున్నాడు’ అంటుంది. విన్నది ఇంకో నాలుగింటికి చెబుతుంది. ఆ కేకలు విని విని చివరికి థైరాయిడ్ కణాలు కూడా తమ ముక్కల్నే పగవాడి ముక్కల్లా పైకెత్తి చూపిస్తాయట. రండి, నేనే, నన్నే కొట్టండి అని.

బుద్ధి లేదా వాటికి? నిన్నటినుంచి ఆమెకు ఒళ్ళు మండుతోంది.

మాత్ర దేంతో వేసుకుంటావని అడిగితే, కాఫీతో అంది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. కాఫీతో మింగితే మందు సరిగా ఒంటబట్టదట. నీళ్ళతో మింగి, అరగంటైనా ఆగాలట. మోతాదు పెంచుతూనే ఉన్నారు, ఆమె మెట్లెక్కలేక ఆయాసపడుతూనే ఉంది.

ఈ ఇంట్లో తొలి డికాషన్ కోడలికే. అత్త భాగీరథమ్మ స్వయంగా కలిపి చేతికిస్తుంది. వద్దంటే పొగరు.

ఇప్పుడూ గ్లాసు ముందుకొచ్చింది.

"తాగు, సల్లారిపోతాది. మాత్ర కూడా దీంతోనే మింగేయ్."

"అత్తా, డాక్టరు నీళ్ళతోనే..."

"మా కాలంలో థైరాయిడ్డూ లేదు, గీరాయిడ్డూ లేదు. కాఫీ ఏం చేస్తాదంట?"

ఇంతలో ఫోన్ మోగింది. ఆనేకల్ నుంచి ఆడబిడ్డ బేబీ. భాగీరథమ్మ స్పీకర్ పెట్టింది.

"ఏమ్మా, మీ సోంబేరి కోడలు లేసినాదా?"

"ఇప్పుడే లేసినాది తల్లీ. మొగం సూడాల, పూరీ మాదిరి ఉబ్బి ఉండాది."

భర్త మంజునాథ్ బూట్ల లేసు కట్టుకుంటూ, తలెత్తకుండానే నవ్వాడు.

"ఏం వదినా, పలకవే?"

ఎప్పుడూ చెప్పే జవాబు నాలుక చివరికి వచ్చేసింది. ‘సోంబేరినే కదమ్మా నేను, ఒట్టి సోమరిదాన్ని!’ రోజూ అనేది తనే. అందరికంటే ముందు నవ్వేదీ తనే. ఎవరూ అడక్కముందే పైకెత్తి చూపించిన ముక్క. ఇంత రోత నవ్వు తన గొంతులోంచి ఎన్నాళ్ళుగా వస్తోంది? కణాల మీద కోపం ఆ నవ్వు మీదికి మళ్ళింది. అక్కణ్ణుంచి బూట్ల మీదికి, ఫోను మీదికి, పొగలు కక్కే గ్లాసు మీదికి.

"సూసినావా, నోరు తెరవదు. కొవ్వు!" అంది భాగీరథమ్మ.

మునిలక్ష్మి చెంబెత్తి నీళ్ళతో మాత్ర మింగింది. కాఫీ గ్లాసును బల్ల మీదుగా అత్త ముందుకు జరిపింది.