కుర్చీ కిర్రుమనని పొద్దు

ఆ ఇంట్లో పొద్దున్నే పాలు కాగేలోపు వంటింటి కుర్చీ కిర్రుమనేది. ప్రభువు వచ్చి కూర్చున్నాడన్నమాట. కంటికి ఎవరూ కనపడేవారు కాదు, బరువుకి చెక్క మాత్రం కాస్త కిందికి దిగేది. అత్త ఎదురుగా మోకరించి, నిన్నటి సంగతులూ ఇవాళ్టి పనులూ పక్కింటావిడతో చెప్పినట్టు చెప్పుకునేది. ఆమేన్ అనగానే కుర్చీ మళ్లీ కిర్రుమనేది. ఆ కాసేపూ చక్కెర డబ్బా అందుకోవాలన్నా కోడలు చుట్టూ తిరిగి వెళ్లేది తప్ప కుర్చీ మీదుగా చెయ్యి చాపేది కాదు.

కోడలికి ప్రార్థన అలవాటు లేదు. ఉన్నదల్లా భయం. ఆమె భర్త ఎత్తైన భవనాల అద్దాలు తుడిచేవాడు. రెండు తాళ్లకు వేలాడే బల్ల మీద నిలబడి చేసే పని. ఆమె ఇంట్లో స్కూలు యూనిఫారాలు కుట్టేది. కిటికీ పరదా కదిలిందంటే కుట్టుమిషను ఆగేది. గాలి ఊపందుకుంటే "ప్రభువా, ప్రభువా" అంటూ వంటింట్లోకి పరుగెత్తేది. గాలి తగ్గితే ప్రార్థనా అయిపోయేది.

"రోజూ వచ్చేవాణ్ణి గాలొచ్చినప్పుడే పలకరిస్తే ఎలా అమ్మాయ్?" అనేది అత్త.

"రోజూ చెప్పడానికి ఏముంటుంది అత్తయ్యా?"

"ఏమీ లేదని చెప్పు. ఆయనేం విసుక్కోడులే."

కోడలి భర్తయితే "అందరి తరఫునా అమ్మ మాట్లాడుతోందిగా" అని నవ్వేసి, టీ తాగి వెళ్లిపోయేవాడు. భయమనే మాట అతని నోట ఎప్పుడూ రాలేదు.

వానాకాలంలో అత్త జ్వరంతో పోయింది. మట్టి చేసి వచ్చిన మర్నాడు పొద్దున కుర్చీ కిర్రుమంది. కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె పాలు దించింది, గిన్నెలు సర్దింది, సర్దినవే మళ్లీ సర్దింది. ఆయన లేవలేదు. చివరికి మోకరించింది.

"నాకు మాట్లాడటం రాదు" అంది. ఇంకేమీ తోచక "ఆమేన్" అంది. కుర్చీ కిర్రుమంది.

అలా మొదలైంది. కొన్నాళ్లు ఒక్క ముక్కే చెప్పేది. కొన్నాళ్లు దారం రంగు కలవలేదనీ, నడుము నొప్పనీ చెప్పేది. ఆవలింతలూ వచ్చేవి. భయం పోలేదు గానీ, గాలి లేని రోజుల్లో కూడా మోకాళ్లు వాటంతటవే వంగడం నేర్చుకున్నాయి.

ఒకరోజు ఎండ ముదరకముందే పని ముగించాలని భర్త పెందలాడే వెళ్లాడు. పాలు కాగాయి. కుర్చీ పలకలేదు.

ఆమె చూసింది. ఇంకాసేపు చూసింది. ఎన్నడూ లేనిది, అరచెయ్యి మెల్లగా కుర్చీ మీద ఆనించింది. చల్లగా, ఖాళీగా ఉంది. నిన్న మాట మధ్యలో ఆవలించానని కోపమొచ్చిందా? విసిగిపోయాడా? వీధిలో ఆకు కదలడం లేదు. అది చూస్తే ఇంకా భయమేసింది. భర్తకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. వీధిలోకి పరుగెత్తబోయింది. ఎక్కడికని? అలవాటుపడ్డ కాళ్లు ఖాళీ కుర్చీ ముందే వంగాయి.

"నువ్వు రాలేదు ప్రభువా" అంది. "అయినా చెబుతున్నా. మా ఆయన్ని చూసుకో."

ఆమేన్ అనడానికి ధైర్యం చాలలేదు. అలాగే ఉండిపోయింది.

చాలాసేపటికి తలుపు చప్పుడైంది. భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అరచేతులు చర్మం లేచి ఎర్రగా ఉన్నాయి. అతనితో పనిచేసే బక్కోడు భుజం పట్టుకుని నడిపించుకొచ్చాడు.

"ఒక పక్క తాడు తెగింది వదినా" అన్నాడు బక్కోడు. "మా బెల్టులు ఆ తాడుకే తగిలించున్నాయి. బల్ల ఒరిగిపోతోంది, ఇద్దరం జారిపోతున్నాం. అంతలో రెండో తాడుకి అవతలున్న కొస మీద, కంటికి కనపడలేదు గానీ, ఎవరో వచ్చి కూర్చున్నారు. చెక్క కిర్రుమంది. బల్ల మళ్లీ తిన్నగా నిలబడింది. పైనుంచి మమ్మల్ని లాక్కునేదాకా ఆ కూర్చున్నాయన లేవలేదు."

ఆమె బక్కోడికి మంచినీళ్లిచ్చింది. భర్త వంటింటి వైపు చూశాడు.

"ఇవాళ ఇక్కడికి వచ్చాడా?"

"రాలేదు" అంది.

అతను ఆ ఖాళీ కుర్చీ వైపే చూస్తూ నేల మీద కూర్చున్నాడు.

మర్నాడు కుర్చీ కిర్రుమనగానే ఆమె మోకరించింది. పక్కన ఎవరో కూలబడినట్టైతే తల తిప్పి చూసింది. భర్త. చేతులకి కట్లు.

"ఏమని మొదలెట్టాలి?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఉన్నదే చెప్పు."

"పైకెళ్లాలంటే నాకు భయం ప్రభువా" అన్నాడు. "మొదటి రోజు నుంచీ భయమే. అమ్మకి చెప్పలేదు. దీనికీ చెప్పలేదు."

ఇన్నాళ్లూ ఒక్కదాన్నే భయపడుతున్నాననుకున్న ఆమె అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఆమేన్ అన్నారు.

లేచి అతను మేస్త్రీకి ఫోన్ చేశాడు. నేల మీద చేసే పని ఏదున్నా సరే, ఇకనుంచి అదే ఇమ్మన్నాడు. ఎందుకని మేస్త్రీ అడిగితే, "భయమన్నా" అని దాచకుండా చెప్పాడు.