కారు లేని స్టీరింగు

నేను ఒక స్టీరింగ్‌ని. నా ముందు ఇంజను లేదు, నా కింద చక్రాలు లేవు. బల్లకు బిగించి ఆట మొదలుపెడితే తెరమీది బొమ్మకారు నా మాట వింటుంది. రోడ్డుమీద తిరిగే స్టీరింగులు నన్ను చూస్తే నవ్వుతాయేమో. నవ్వనివ్వండి.

ఫ్యాక్టరీలో నా కడుపున ఒక మోటారు పెట్టారు. మలుపులో కారు జారబోతే నన్ను పట్టుకున్న చేతులకు ఎదురు తిరుగుతాను. ఒంటిచుట్టూ తోలు, వెనక వేళ్లతో నొక్కే రెండు మీటలు, కాళ్ల దగ్గర పెట్టుకోవడానికి విడిగా పెడళ్లు. నన్ను మొదట కొన్నది కరీంనగర్‌లో ఒక కుర్రాడు. రేసు ఆటలకు కన్సోల్ కొనాలా, పీసీ కొనాలా అని నెలల తరబడి వీడియోలు చూశాడు. కన్సోల్ అయితే టీవీకి తగిలించి హాయిగా కూర్చోవచ్చట. పీసీ అయితే ఎక్కువ ఆటలు, ఎక్కువ సర్దుబాట్లు, ఎక్కువ తలనొప్పులు. ఏదీ తేల్చుకోకుండానే నన్ను కొనేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆ సంగతి తేలకముందే వాడికి పెళ్లి కుదిరింది. నేను పాత కంప్యూటర్లు అమ్మే దుకాణానికి చేరాను.

అక్కడికి రవళి వచ్చింది. ఆమె తండ్రి ఓదెలు ఆర్టీసీ బస్సు డ్రైవరు. షుగరు ముదిరి ఆయన కుడికాలు మోకాలి కింద తీసేశారు. కృత్రిమ కాలు పెట్టించుకుంటే నడవవచ్చని, ఆలస్యమైతే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. "నడిచి యాడికి పోవాలె? డిపోకా?" అని ఓదెలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరు బతిమాలినా వినడం లేదు. చేతికి స్టీరింగు తగిలితే మనసు మారుతుందేమోనని కూతురి ఆశ.

"కన్సోల్ తీస్కోండి మేడం, అల్కగ ఉంటది," అన్నాడు దుకాణదారు.

"మా బాపుకు తొక్కతానికి కాలు లేదన్నా. ఆక్సిలేటరు, బ్రేకు చేతిలకు వస్తయా?"

అతను కుర్చీలోంచి లేచి వచ్చాడు. "గట్లయితే పీసీ తీస్కో చెల్లె. ఏ మీటకు ఏ పని చెప్పాల్నో దాంట్ల మన ఇష్టం."

మేడం ఒక్క క్షణంలో చెల్లె అయింది. మనుషుల్లో నాకు నచ్చే గుణాల్లో అదొకటి. నా కుడి మీటకు ఆక్సిలరేటరు, ఎడమ మీటకు బ్రేకు అప్పగించారు. నాకు గర్వంగానే ఉంది, దాచుకోను.

ఇంట్లో నన్ను మంచం పక్కన బల్లకు బిగించారు. ఓదెలు ముఖం మాడిపోయింది. "కాలు లేనోనికి స్టీరింగా? నవ్వులాటనా బిడ్డా?"

రవళి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఓదెలు భార్య రాజవ్వ మాత్రం పసుపు కుంకుమలు తెచ్చింది. నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఊరికే పడి ఉన్న పెడళ్ల కింద రెండు నిమ్మకాయలు ఉంచింది. కొత్త బండి ఇంటికొస్తే చేయవలసిన మర్యాద చేయాలి కదా.

ఓదెలు ఓరకంట చూశాడు. ఎంతసేపని ఊరుకుంటాడు? "నిమ్మకాయలు టైర్ల కింద పెడ్తరే, పెడళ్ల కింద గాదు."

"టైర్లు యాడున్నయో నువ్వే సూపియ్యి," అంది రాజవ్వ.

ఆయన నవ్వలేదు కానీ లేచి కూర్చున్నాడు. రెండు చేతులతో నన్ను తాకి కళ్లకద్దుకున్నాడు. నన్ను అలా ముట్టుకున్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఒళ్లు పులకరించింది.

పందెం మొదలైంది. ఓదెలు ముందు హారన్ కోసం వెతికాడు. వెనకనుంచి ఎవరైనా దూసుకొస్తే పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"బాపూ, ఇది పందెం!"

"అయితేంది? పోనీ, వానికేం అర్జెంటు పనున్నదో."

అందరికంటే వెనక అంత దర్జాగా వెళ్లే మనిషిని నేను ఊహించనైనా లేదు. అంతలో పెద్ద మలుపు వచ్చింది. ముందున్న కారు అడ్డం తిరిగింది. ఓదెలు వేళ్లు కదలలేదు. కుడి తొడ మాత్రం ఒక్కసారిగా బిగిసింది. లేని పాదంతో బ్రేకు తొక్కాడు. కారు నేరుగా వెళ్లి గుద్దుకుంది, నేను ఆయన చేతుల్లో అదిరిపోయాను.

ఆయన ఖాళీగా వేలాడుతున్న లుంగీ అంచునే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఏడ్చాడు. ఆపరేషన్ నాడు కూడా ఏడవని మనిషి నా మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. రవళి గాబరాగా స్విచ్చు మీద చేయి వేసింది.

"ఆపకు బిడ్డా," అన్నాడు. "కాలు వోయింది గని, బ్రేకు మర్సిపోలేదే."

ఆ రోజు నుంచి వేళ్లతో నడపడం నేర్చుకున్నాడు. చివరి స్థానం మాత్రం ఎవరికీ వదలలేదు. ఒక ఉదయం, ఆట మధ్యలో, తెరమీది నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "డాక్టరు చెప్పిన ఆ కాలు పెట్టిస్తే, కిందున్న పెడలు తొక్కొస్తదా?"

రవళి ఆసుపత్రి కాగితాల కోసం వెతికింది. రాజవ్వ అప్పటికే ఆయన చొక్కా కోసం లేచింది.

వాళ్లు ఆసుపత్రికి వెళ్లారు. నేను బల్లమీద ఒక్కడినే ఉన్నాను. ఆ కాలు వచ్చాక నా మీటలతో ఆయనకు పని ఉండదు. ఆ వేళ్ల వెచ్చదనానికి అవి బాగా అలవాటుపడ్డాయి, వాటికి దిగులుగానే ఉంటుంది. ఉండనీ. ఆయన తొక్కనీ.