మూడు ఖైర్ఖాన్‌లు

నోర్జ్మా రష్యావాళ్ళు వేసిన పాత మ్యాపును జీపు ముందుభాగం మీద పరిచి, గాలికి ఎగరకుండా మూలల మీద రాళ్ళు పెట్టి, తల పట్టుకుంది. గోబీ ఎడారిలో ఈ పక్క ఉన్నవి మూడు కొండలు. మూడింటికీ ‘ఖైర్ఖాన్’ అనే రాసి ఉంది.

అన్న గొంబో పకపకా నవ్వాడు. "రాయక ఏం చేస్తారు మరి? కొండకెదురుగా నిలబడి దాన్ని పేరు పెట్టి పిలుస్తామా? దయగల తండ్రీ అన్నట్టు ఖైర్ఖాన్ అంటాం. రష్యావాళ్ళు అడిగితే మనవాళ్ళు అదే చెప్పుంటారు."

"నవ్వు, నవ్వు. ‘ఖైర్ఖాన్ కింద పుట్టావే’ అని అమ్మ కూడా అంతే చెప్పి పోయింది."

పొత్తిళ్ళలో ఉండగానే నోర్జ్మాను రాగి గనుల ఊరికి తీసుకుపోయారు. తోటివాళ్ళంతా ఆచారం ప్రకారం పుట్టినచోటికి వెళ్ళి నేల మీద దొర్లి వస్తుంటే, అరవై దాటినా ఆవిడకు దొర్లడానికి జానెడు చోటు లేకపోయింది. ఆ చోటు చూసినవాళ్ళలో మిగిలింది గొంబో ఒక్కడే. అతనికిప్పుడు చూపు లేదు. ఈసారి దొరక్కపోతే ఇంక ఈ జన్మకు లేనట్టే.

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి? ఏదో ఒక కొండ కింద దొర్లేస్తా."

"పరాయి నేల మీద దొర్లితే దురద తప్ప ఏమీ రాదే. తూర్పువైపు ఎత్తు చూపే గీతలెలా ఉన్నాయో చెప్పు."

"మొదటి రెండిటికీ ఎడంగా ఉన్నాయి. మూడోదానికి చీమ దూరే సందు లేదు."

"అంటే నిట్టనిలువు." గొంబో గొంతు మారింది. "మధ్యాహ్నం దాటితే చాలు, మన గుడారం మీద కొండ నీడ పడేది. ‘సూర్యుడికి కూడా నా ఇల్లంటే లోకువే’ అని అమ్మ తిట్టేది. కింద ఎండిన వాగు రెండుగా చీలిందా?"

"చీలింది. అక్కడే నీలం చుక్క."

"బావి! ఆ నీళ్ళతో మన ఉప్పు టీ కాస్తే వేరే ఉప్పు వెయ్యక్కర్లేదని నాన్న గొప్పలు పోయేవాడు."

గీతల మీద నోర్జ్మా వేలు కదులుతున్నకొద్దీ గొంబో చెబుతూనే ఉన్నాడు. తానెరగని పడుచు అమ్మను ఆవిడ తనివితీరా చూసుకుంది.

తీరా వెళితే బావి పూడిపోయింది. గొర్రెపిల్లల దొడ్డి రాళ్ళు మిగిలాయి. గొంబో వాటిని తడుముకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాడు.

"ఆ పొద్దున నన్ను గుడారంలోంచి తరిమి ఈ మూల కూర్చోబెట్టారు. నీ ఏడుపు ఇక్కణ్ణించే విన్నాను. గుడారం వేసింది అదిగో, ఈ గోడ పక్కనే."

నోర్జ్మా అక్కడ పడుకుని పసిపిల్లలా దొర్లింది. ఏడ్చింది కూడా. లేవబోతూ చూస్తే అన్న కూడా కర్ర పడేసి, మూలుగుతూ నేల మీదికి వాలుతున్నాడు.

"నీకెందుకన్నయ్యా ఈ తిప్పలు? నువ్వు పుట్టింది ఇక్కడ కాదుగా!"

"కాదులే. కానీ నేను అన్నయ్యనయింది ఇక్కడే కదే," అంటూ గొంబో దొర్లాడు.