ఫ్యూజు పెట్టెలో ఎలుక

ఎలుక అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. దమన్‌హూర్ పాత బజారులో బండ్లకి కరెంటు పని చేసేవాళ్ళం ఇద్దరమే. ఒకణ్ణి నేను, బయూమీని. రెండోవాడు ఎదురు వరసలో ఉండే ఫర్గలీ. బండిలో లోపం దొరక్కపోతే వాడు "ఎలుక కొరికింది" అంటాడు. దొరికినా అదే అంటాడు. వాడి మాట నమ్మితే మా ఊరి ఎలుకలన్నీ పిండిమిల్లు మానేసి వైర్లు తిని బతుకుతున్నాయనుకోవాలి. నేను అలా కాదు. లోపాన్ని దాని పేరుతోనే పిలుస్తాను. తప్పు డ్రైవరుదైతే డ్రైవరు మొహం మీదే చెబుతాను. అందుకే నాకు గిరాకీ ఎక్కువ, స్నేహితులు తక్కువ.

ఆ రోజు మవ్‌గూద్ కూతురు బుసైనా సామాను అత్తారింటికి తరలుతోంది. మా దగ్గర పెళ్ళికంటే ఈ ఊరేగింపే పెద్ద సంబరం. ఫ్రిజ్జు, పరుపులు, రాగి గిన్నెలు అందరికీ కనబడేలా బళ్ళ మీద కట్టి, హారన్లు తాళం వేసినట్టు మోగిస్తూ వీధి వీధీ తిప్పుతారు. ముందు నడిచేది మవ్‌గూద్ పాత పికప్పు. హారన్ మోగకుండా సామాను వెళ్ళిందంటే చావుబండి వెళ్ళినట్టే. బాల్కనీల్లో ఉన్నవాళ్ళు ఏడాదిపాటు దాని గురించే చెప్పుకుంటారు.

పికప్పు సందు మొదట్లో ఉండగానే హారన్ మూగబోయిందట. మవ్‌గూద్ ఏం చేశాడు? మా ఊళ్ళో ప్రతి మొగాడూ చేసేదే చేశాడు. కాలిపోయిన ఫ్యూజు పీకి, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం దానికి చుట్టి మళ్ళీ దూర్చాడు. హారన్ తిరిగొచ్చింది. దాంతోపాటు పొగ కూడా వచ్చింది. బ్రేకు తొక్కితే హారన్ మోగింది. కుడి సిగ్నల్ వేస్తే అద్దం తుడిచే కర్రలు అటూ ఇటూ ఊగాయి. సరిగ్గా నా కొట్టు ముందుకొచ్చేసరికి హారన్ ఇక ఆగనంది. మవ్‌గూద్ కిందికి దూకి బ్యాటరీ తీగ లాగేశాడు.

అంత చప్పుడు ఆగాక, తఫీదా వదిన మాట వీధి మొత్తానికీ వినిపించింది. తఫీదా పెళ్ళికూతురి తల్లి.

"దిష్టి! దిష్టి కొట్టింది! 'అమ్మో, ఇంత పెద్ద ఫ్రిజ్జే!' అన్నావు గానీ, దిష్టి తగలకుండా నోటంట ఒక్క మాషా అల్లాహ్ రాలేదు సనియ్యా!"

సనియ్యా పెళ్ళికొడుకు మేనత్త. తల్లి పోయాక పిల్లాణ్ణి పెంచింది ఆవిడే. సామానుకి ఎదురొచ్చి తోడు తీసుకెళ్ళడానికి తెల్ల శాలువా కప్పుకుని వచ్చింది.

"ఏంటీ? నా కళ్ళు పడ్డాయా? మీ తుప్పు బండి మీద నా కళ్ళు దేనికి పడతాయమ్మా? మా వాడికి సంబంధాలు లేక మీ ఇంటికొచ్చామనుకున్నావా?"

"అంటే మా పిల్లేమన్నా గతిలేక ఇస్తున్నామా?"

"గతి ఉంటే ఉంచుకో. దించండ్రా సామాను! మాది దిష్టిగొట్టు కొంపే కదా, కోడలెందుకు!"

బళ్ళు వరసగా ఆగిపోయాయి. టీకొట్టువాళ్ళు గ్లాసులతో సహా బయటికొచ్చారు. బానెట్టు లేచిందంటే మా ఊళ్ళో ప్రతివాడూ మేస్త్రీయే. బ్యాటరీ పోయిందని ఒకడు, డైనమో అని ఒకడు, చక్రాలకి గాలి చూడమని ఇంకొకడు. వాళ్ళందరినీ తోసుకుంటూ ఫర్గలీ వచ్చాడు.

"ఎలుక," అన్నాడు, బండి వంకైనా చూడకుండా.

"నీ మొహం. దూరంగా ఉండు," అన్నాను.

అప్పుడు బుసైనా నా చెయ్యి పట్టుకుంది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చింది పిల్ల. కళ్ళకి పెట్టుకున్న కాటుక చెంపల దాకా జారింది.

"బాబాయ్, ఎందుకు కాలిందో తొందరగా చెప్పు. దిష్టి కాదని చెప్పు. వీళ్ళిద్దరూ ఇంకో మాట అనుకున్నారంటే నా పెళ్ళి ఇక్కడే ఆగిపోతుంది."

"నువ్వు ఏడవకు. కరెంటుకి దిష్టి తెలీదు. లోపం ఎక్కడున్నా నేను బయటికి లాగుతాను, అందరి ముందూ చూపిస్తాను," అన్నాను. పొగరు నెత్తికెక్కి ఉంది నాకు.

ముందు మవ్‌గూద్ చుట్టిన వెండి కాగితం పీకేసి నాలుగు మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను. ఫ్యూజు ఉండాల్సిన చోట ఒక బల్బు తగిలించి, బ్యాటరీ తీగ మళ్ళీ కలిపాను. షార్టు ఇంకా ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, వైరు మాత్రం కాలదు. వెలిగింది. హారన్ తీగ ఊడదీశాను. బల్బు ఆరలేదు. బ్రేకు లైట్ల తీగ తీశాను, కర్రల మోటారు తీగ తీశాను. అది వెలుగుతూనే ఉంది. అంటే తప్పు వాటిలో లేదు. అన్నీ ఒకచోట కలిసే ఫ్యూజు పెట్టె వెనకే ఉంది.

పడుకుని డ్యాష్‌బోర్డు కిందికి తల దూర్చాను. వైర్ల కట్టని ఒక్కసారి ఊపాను. బల్బు రెపరెపలాడింది. ఇంకొంచెం ఎత్తాను. ఆరిపోయింది. దొరికావురా దొంగా, అనుకుని బ్యాటరీ తీగ తీయించి, చెయ్యి లోపలికి పోనిచ్చాను.

వేళ్ళకి తగిలింది వైరు కాదు. ఇత్తడి అరచెయ్యి. మధ్యలో నీలం పూస, మణికట్టుకి కాలిన ఎర్ర ఉన్ని దారం. దిష్టి తగలకుండా కట్టుకునే అరచెయ్యి! వైర్ల కట్టకి వేలాడదీశారు. బండి కుదుపులకి ఊగి ఊగి, అయిదు వేళ్ళూ చాపుకుని ఫ్యూజు పెట్టె వెనక పడింది. ఒక్కో వేలు ఒక్కో తీగని ఇంకోదానితో కలిపింది.

తల తిప్పాను. కిటికీలోంచి తఫీదా వదిన వంగి చూస్తోంది. ఆవిడ భుజాన ఉన్న శాలువా అదే ఎర్ర ఉన్నిది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పొద్దున నేనే కట్టాను మేస్త్రీ," అంది గొణుగుతూ. "ఎవరికీ కనబడకూడదని లోపల కట్టాను. నీకు దణ్ణం పెడతాను. ఇప్పుడిది బయటపడితే, నా తప్పుకి ఆవిణ్ణి అన్నన్ని మాటలు అన్నానని అందరికీ తెలుస్తుంది. ఇంక మొహమెత్తి ఆ గడప ఎలా తొక్కను?"

"దొరికిందా మేస్త్రీ?" బయట అరుపులు. "ఏంటది?"

ముప్పై ఏళ్ళుగా నేను లోపానికి ఇంకో పేరు పెట్టలేదు. అరచెయ్యి పిడికిట్లో గుచ్చుకుంటోంది. నిజం చెబితే సనియ్యా గెలుస్తుంది. సనియ్యా గెలిస్తే తఫీదా తలదించుకుని ఇంటికెళుతుంది, కూతుర్ని వెంట తీసుకుని. బుసైనా బానెట్టు దగ్గర నిలబడి నా నోటి వైపే చూస్తోంది. అరచేతిని జేబులో వేసుకుని బయటికొచ్చాను.

"ఎలుక," అన్నాను.

ఫర్గలీ వేసిన కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

"ఏమన్నావ్? మళ్ళీ చెప్పు! అందరూ వినండయ్యా, బయూమీ ఎలుక అన్నాడు!"

"ఏదీ ఆ ఎలుక?" అన్నాడు టీకొట్టువాడు. "చచ్చిన ఎలుకేదీ?"

అంతలో నా కొట్టు గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న సనియ్యా లేచింది. పికప్పు పక్క అద్దం, లోపలంతా కనబడేలా, సరిగ్గా ఆవిడ ఎదురుగానే ఉంది.

"పారిపోయింది," అంది ఆవిడ. "నేను చూశాను. ఇంత తోక! నా కాళ్ళ మీంచే దూకి పోయింది. ఏం తఫీదా, నువ్వూ చూశావుగా?"

తఫీదా తలాడించింది. తర్వాత వెళ్ళి సనియ్యాని వాటేసుకుని భోరుమంది. ఎలుకని చూసి ఇంత ఏడుపేంటని జనం ఆశ్చర్యపోయారు.

కాలిన తీగలు కోసి, కొత్తవి వేసి, టేపు చుట్టి, సరైన ఫ్యూజు పెట్టాను. హారన్ నొక్కితే హారనే మోగింది. వెనక బళ్ళన్నీ తాళం అందుకున్నాయి. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ పెళ్ళికూతలు పెట్టారు. బుసైనా కాటుక మళ్ళీ పాడుచేసుకుంది, ఈసారి నవ్వుతూ.

సనియ్యా బండి ఎక్కబోతూ నా దగ్గర ఆగి చెయ్యి చాపింది.

"ఆ ఎలుకని ఇలా ఇవ్వు మేస్త్రీ."

"ఏ ఎలుక అక్కా?"

"అయిదు వేళ్ళున్న ఎలుక. నీ జేబులో ఉంది. మా కోడలి గుమ్మానికి కడతాను. అక్కడ వైర్లు లేవులే." ఒక్క క్షణం ఆగి, ఫ్రిజ్జు వంక చూసి గట్టిగా, వీధంతా వినబడేలా అంది, "మాషా అల్లాహ్! ఎంత పెద్ద ఫ్రిజ్జో!"

మర్నాడు కొట్టు తెరుద్దామని వస్తే తాళానికి ఎలుకల బోను వేలాడుతోంది. ఎవరు కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురు వరసలో ఫర్గలీ టీ తాగుతూ ఇటే చూస్తున్నాడు. దాన్ని విప్పి, అందరికీ కనబడేలా నా కొట్టు గోడకే తగిలించాను. బుసైనా ఆ దారిన వెళ్ళినప్పుడల్లా దాన్ని చూస్తుంది. నాకు సలాం చెప్పకుండా మాత్రం వెళ్ళదు.