శుక్రవారపు చిలుము

సముద్రం మెకానిక్ షెడ్డులోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు గానీ, పాత వ్యాను మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది, వీరభద్రం స్టీరింగు కింద తల దూర్చి ఫ్యూజు బాక్సు గీకుతూనే ఉన్నాడు, ఎంత గీకినా పచ్చటి చిలుము మళ్లీ పుట్టుకొస్తూనే ఉంది. పక్క సీట్లో ఎవరో కూర్చున్నారు. తల తిప్పకుండానే అది సింహాద్రి అని అతనికి తెలుస్తోంది. చెల్లెలు నూకరత్నం మొగుడు, ఈ వ్యాను తోలినవాడు, మొన్న వేసవిలో తెల్లవారుజామున చేపల లోడుతో వెళ్తూ ఉప్పాడ బీచి రోడ్డు మలుపులో రాళ్లను గుద్ది పోయినవాడు. చచ్చినవాడు వచ్చాడన్న భయం లేదు. సీటు తడిసిపోతోందే అన్న చిరాకు మాత్రం ఉంది.

"టీ తాగుతావా బావా?" అంటాడు వీరభద్రం.

"వద్దులే. ఏం పట్టుకున్నా తాగేసొచ్చాడనే అంటారు," అని నవ్వుతాడు సింహాద్రి.

ఊరంతా అదే మాట మరి. తాగి తోలాడు, పోయాడు. మందు వాసనకే మొహం తిప్పుకునే మనిషిని పట్టుకుని ఆ మాట అంటుంటే, సింహాద్రి కన్నతండ్రి దినం భోజనాల దగ్గర తలెత్తలేకపోయాడు. ఆ నింద కడగాలనే, నుజ్జయిన ముందుభాగం సాపు చేయించి, వీరభద్రం పంతం పట్టి వైర్లన్నీ విప్పాడు. విప్పి ఉండకపోతే బాగుండేది.

ఇప్పుడు షెడ్డు లేదు, రోడ్డు ఉంది, వ్యాను దానంతట అదే కదులుతోంది, స్టీరింగు ఎవరి చేతిలోనూ లేదు.

"లైట్లు ఆరిపోయాయి కదూ?"

"రెండూ ఒక్కసారే. బ్రేకు మీద కాలేశాను బావా, అప్పటికే రాళ్లొచ్చేశాయి."

"ఫ్యూజు కాళ్లు చిలుము తినేసింది."

"ఉప్పుగాలి."

"నేనూ ముందు అదే అనుకున్నాను. ఉప్పుగాలికైతే చీమలెందుకు పడతాయి?"

డ్యాష్‌బోర్డు మీద అమ్మవారి పటం ఉంది. దాని కిందే సన్నటి పగులు ఉంది. ప్రతి శుక్రవారం అందరూ చక్రాల దగ్గర పోసే కొబ్బరినీళ్లను, నూకరత్నం తన మొగుడు క్షేమంగా తిరిగి రావాలని ఆ పటం మీదే పోసేది. పసుపు, కుంకుమ, తీపినీళ్లు ఆ పగుల్లోంచి దిగి దిగి ఫ్యూజు బాక్సులో పేరుకున్నాయి. వీరభద్రం గోటితో గీకితే కుంకుమ రాలింది.

"నువ్వు తాగలేదని ఊళ్లో చెప్పాలి బావా."

"చెప్పు. ఉప్పుగాలికి ఫ్యూజు పోయిందని చెప్పు. నా పేరూ బాగుపడుద్ది, రత్నమూ బతుకుద్ది. నిజం తెలిస్తే అది ఏ నుయ్యో చూసుకుంటది."

"చెప్పకపోతే మళ్లీ పోస్తుంది కదా. రేపటి నుంచి ఈ బండి తోలేది ఇంకొకడి కొడుకు."

సింహాద్రి అతని చెయ్యి పట్టుకుంటాడు. ఆ అరచెయ్యి జిగటగా, చల్లగా ఉంది, వేళ్ల మధ్య నుంచి చీమలు వరసగా వీరభద్రం మణికట్టు మీదికి ఎక్కుతున్నాయి, నీళ్లు సీటు దాకా వచ్చాయి, బావ నోరు కదులుతోంది గానీ మాట వినబడడం లేదు.

"అన్నయ్యా! సీట్లోనే పడుకున్నావేంటి?"

మెలకువ వచ్చింది. షెడ్డులో సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడి ఉంది. ఎదురుగా నూకరత్నం, బొట్టు లేని నుదురుతో, చేతిలో పళ్లెంతో. అప్పుడు గుర్తొచ్చింది వీరభద్రానికి, ఇవాళ శుక్రవారమని.

"బండి బాగైపోయిందటగా. రేపు కొత్త డ్రైవరొస్తాడు, ఈలోగా పూజ చేసేద్దామని," అంటూనే ఆమె పక్కనున్న పానాతో కొబ్బరికాయ కొట్టింది.

"లోపల పొయ్యకమ్మా. చక్రాల దగ్గర పొయ్యి."

"లేదన్నయ్యా." ఆమె చిప్ప పైకెత్తింది. "ఆయన పోవడానికి ముందు శుక్రవారం తొందరలో కాస్తే పోశాను. అందుకే అమ్మవారికి కోపమొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఈసారి నిండుగా పోస్తాను."

చిప్ప పటం మీదికి ఒంగింది. వీరభద్రం వంగి, మూత లేని ఫ్యూజు బాక్సు మీద రెండు అరచేతులూ కప్పాడు. పగుల్లోంచి దిగిన నీళ్లు అతని వేళ్ల మీద పడ్డాయి, చల్లగా, జిగటగా.