తెల్లమాత్రను చూస్తే కడుపుమంట

నేను ఒక పసుపుపచ్చని మాత్రను. రక్తపోటు తగ్గించడం నా పని. నాలో మందు పిసరంత, మిగతాదంతా పిండీ జిగురూ. చివరన ఫ్యాక్టరీలో నాకు పసుపురంగు పూత పూశారు. పెళ్లికూతురిలా మెరిసిపోయాను. ఆ మెరుపే నా కొంప ముంచుతుందని అప్పుడు నాకేం తెలుసు!

మా మాత్రల రేకు సిద్దిపేటలో అండాలు ఇంటికి చేరింది. అండాలు ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. భర్త కిష్టయ్య ఆటో నడుపుతాడు. ఆయన షుగరు మాత్రలు తెల్లవి. వాటితో కలిసిపోకుండా ఉంటాయని అండాలే రంగు మాత్రలు అడిగి తీసుకుంది. నన్ను కోరి తెచ్చుకుంది! ఆ గర్వంతో షుగరు మాత్రల వంక కన్నెత్తి కూడా చూడలేదు నేను.

రోజూ పొద్దున్నే నా తోబుట్టువులు ఒక్కొక్కటీ వెళ్లిపోయాయి. అంతలోనే అండాలు మెడ మీద, చేతుల మీద దద్దుర్లు లేచాయి. గోకి గోకి కత్తెర కూడా పట్టలేకపోయింది.

"ఈ గోలీలు నాకు పడ్తలేవయ్యా. ఇంక ఏసుకోను" అంది.

"డాక్టరమ్మనడగకుండ బంద్ జేస్తవా?" అన్నాడు కిష్టయ్య.

ఆమె వినలేదు. రేకులో నేనొక్కదాన్నే మిగిలాను.

దద్దుర్లు తగ్గాయి. రక్తపోటు ఊరుకుంటుందా? ఒక మధ్యాహ్నం మిషను మీదే తల తిరిగి, ముక్కులోంచి రక్తం కారి, కుడుతున్న జాకెట్టు తడిసిపోయింది. కిష్టయ్య ఆమెను ఆటోలో ఎక్కించాడు. చూపించాల్సి వస్తుందని నా రేకునూ జేబులో వేసుకున్నాడు.

ప్రాణం కుదుటపడ్డాక డాక్టరమ్మ అడిగింది: "గిట్ల దద్దులు ఇదివరకెప్పుడన్న లేచినయా?"

అండాలు గుర్తుచేసుకుంది. "మా ఆడిబిడ్డ బిడ్డ పెండ్లిల లేచినయమ్మా. పసుప్పచ్చ లడ్డూలు తిన్న. మల్లొకపారి గదే రంగు షర్బత్ తాగితే గూడ."

డాక్టరమ్మ నన్ను వెలుతురుకు పట్టి చూసింది. "అయితే తప్పు మందుది గాకపోవచ్చు. పైన పూతల ఉన్న రంగు నీకు పడ్తలేదేమో. గదే మందు, రంగు లేనిది రాస్త. ఏస్కొని జూద్దాం. ఏదన్నయితే నా దగ్గరికి రా, నీ అంతట నువ్వు మాత్రం బంద్ జెయ్యకు."

దుకాణం దుకాణం తిరిగి కిష్టయ్య పట్టుకొచ్చాడు ఆ తెల్లమాత్రను. పూత లేదు, మెరుపు లేదు, గోడ నుంచి రాలిన సున్నప్పెళ్లలా ఉంది. దాని కడుపులో ఉన్నదీ నా కడుపులో ఉన్నదీ ఒకే మందు! అయినా దానికి అండాలు అరచేయి, నాకు మందుల డబ్బా అడుగు. దానివల్ల కూడా ఒక్క దద్దురైనా లేవాలని ఎంత కోరుకున్నానో! లేవలేదు. అండాలు మళ్లీ కూనిరాగం తీస్తూ మిషను తొక్కింది. "తెల్లగోలీ నా పాలిట దేవుడే వదినా" అని పక్కింటామెతో అంటుంటే నా ఒళ్లు భగ్గుమంది.

నన్ను మాత్రం పారేయలేదు. రేకులో నేనున్న ముక్కను కత్తిరించి పర్సులో పెట్టుకుంది. ఒకసారి చెల్లెలి ఇంటికి కరీంనగర్ వెళ్లినప్పుడు జ్వరం వచ్చింది. అక్కడి దవాఖానాలో నర్సు అచ్చం నా రంగు మాత్ర చేతిలో పెట్టబోయింది. అండాలు చప్పున నన్ను తీసి చూపింది.

"ఇగో, గిసొంటి రంగుంటే నాకు దద్దులు లేస్తయమ్మా. రంగు లేనిది ఇయ్యి."

నర్సు పెద్ద డాక్టరునడిగి, వేరేది తెచ్చిచ్చింది. ఆ పూట ఆమెను కాపాడింది నేనే. నా గడువు తేదీ దాటిపోయి చాలా కాలమైంది, అయినా ఆ క్షణం కొత్తగా పూత పూసినట్టయింది.

అండాలు నన్ను పర్సులో పడేసి జిప్పు లాగింది. రోజూ వేసుకునే ఆ తెల్లమాత్రను నోట్లో వేసుకుని గటగటా నీళ్లు తాగింది. ఆ గుటక చప్పుడు వింటే నాకు ఇప్పటికీ కడుపుమంటే.