వల ఏ అరలోకి?

నెల్లూరులో ఇంటి నుంచే కంపెనీ పని చేసుకునే మెర్లిన్, సాయంత్రాలూ సెలవు రోజులూ ఒక ఓపెన్ సోర్స్ రిజిస్ట్రీకి ఇచ్చేస్తుంది. ఎక్కడెక్కడివాళ్లో ప్రోగ్రాములు రాసి, ఎవరైనా వాడుకోవచ్చని అక్కడ పెడతారు. వాటిని ప్యాకేజీలంటారు. ఏది ఏ వర్గంలో ఉండాలో చూడటం మెర్లిన్ బాధ్యత. తప్పు చోట పడితే ఎంత మంచి ప్యాకేజీ అయినా కావలసినవాళ్ల కంటబడదని ఆమెకు బాగా తెలుసు.

ఒక శనివారం ఉదయం చూసేసరికి 'వల' అనే ప్యాకేజీ మీద ఫిర్యాదులు గుట్టపడి ఉన్నాయి. కనెక్షన్ రావడం లేదని ఒకరు, పనికిమాలినది తీసేయండని మరొకరు. మెర్లిన్ దాన్ని తెరిచి చదివి పకపకా నవ్వింది. అది చేపల వలల లెక్క. వల పొడవు, లోతు, కన్ను వెడల్పు ఎంత ఉండాలో చెబితే దారం ఎంత పడుతుందో చెబుతుంది. వివరణలో 'నెట్' అన్న మాట కనబడగానే రిజిస్ట్రీ తనంతట తానే దాన్ని నెట్‌వర్కింగ్‌లో పడేసింది. రాసినమ్మాయి దుర్గ, ఊరు మైపాడు. తిట్టిన ప్రతి ఒక్కరికీ "క్షమించండి, ఇది చేపల వల" అని ఓపిగ్గా జవాబులిచ్చి, చివరికి తనే తీసేయమని కోరింది.

మెర్లిన్ ఆమెకు ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పి స్కూటీ తీసింది.

దుర్గ ఇంటి ముందు ఆమె తండ్రి ఆదెయ్య వల పరుచుకుని చిరుగులు బాగుచేస్తున్నాడు. దుర్గ కుర్చీ తెచ్చి వేసింది.

"ఎందుకు తీసెయ్యమన్నావు?" అని అడిగింది మెర్లిన్.

"మా వీధిలో నలుగురు వాడతా ఉండారక్కా. బయటోళ్లకి అది తలనొప్పి అయింది. ఎందుకొచ్చిన గోల అనుకున్నా."

ఆదెయ్య తలెత్తకుండానే, "పోయినేడు దారం చాలక మళ్లీ మళ్లీ నెల్లూరుకి తిరిగినాను. ఈ యేడు ఆ తిప్పలు లేవమ్మా" అన్నాడు.

"విన్నావా? తియ్యొద్దు. దానికి చోటు చూసే పని నాది" అంది మెర్లిన్.

సోమవారం వర్గాల బృందం ఆన్‌లైన్‌లో కలిసింది. 'వల' కోసం కొత్త వర్గం తెరవాలని మెర్లిన్ అడిగింది. బృందానికి పెద్ద అయిన జయకుమార్ అది విని, "ఒక్క ప్యాకేజీకి కొత్త వర్గమా? 'ఇతరాలు' వర్గంలో వేసెయ్యమ్మా" అన్నాడు.

"ఇతరాల్లో వేస్తే సముద్రంలో పారేసినట్టే సార్. ఇలాంటివి ఇంకా ఉంటాయి. వారం టైమివ్వండి, తీసి చూపిస్తాను."

అన్నట్టే వెతికింది. చేప పొడవు చూసి బరువు అంచనా వేసేది జంతుశాస్త్రంలో దొరికింది. ఆటుపోట్లు చెప్పేది క్యాలెండర్లలో కూర్చుని ఉంది. రొయ్యల గుంటలో నీటి తీరు చూసేది ఇంటి సామాన్ల మధ్య ఇరుక్కుంది. అన్నీ రాసినవాళ్లు వేరు, తీరాలు వేరు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. జయకుమార్ వాటిని ఒక్కొక్కటే తెరిచి చూశాడు.

"ఇవన్నీ మన దగ్గరే ఉన్నాయా? సరే, పేరేం పెడదాం?"

"చేపల వేట, పెంపకం" అంది మెర్లిన్ తడుముకోకుండా.

వర్గం తెరిచాక 'వల' మీద ఫిర్యాదులు ఆగిపోయాయి. కేరళ నుంచి ఒకతను తమ వైపు వలల కొలతలు చేర్చి పంపాడు. దుర్గ సంతోషం పట్టలేక ఫోన్ చేస్తే, మెర్లిన్ అదను చూసి అడిగేసింది.

"ఆ వర్గం ఇకమీద నువ్వే చూసుకుంటావా?"

"నాకు చేతనవుద్దా అక్కా?"

"వల గురించి ఇంతమందికి విసుక్కోకుండా చెప్పినదానివి. నీకు కాక ఎవరికి చేతనవుద్ది?"

దుర్గ ఒప్పుకుంది. ఆ వారంలోనే చేపల పులుసుకు పాళ్లు చెప్పే ప్యాకేజీ ఒకటి వస్తే, మెర్లిన్ ముచ్చటపడి దాన్ని కొత్త వర్గంలోకి పంపింది. కాసేపటికే అది తిరిగొచ్చింది. కింద దుర్గ రాసిన మాట ఉంది: "ఇది వంటల్లోకి పోవాలక్కా."

మెర్లిన్ నవ్వుకుని దాన్ని వంటల్లోకి మార్చేసింది.